చివరి గడి

తొమ్మిది వేస్తే సరిపోతుంది, పది వేస్తే అనుమానం వస్తుంది, మధ్యమధ్యలో ఒక ఎనిమిది పడేస్తే ఇంకా నమ్ముతారు, అనుకుంటూ ఆమె ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని, కొత్త మందు పరిశోధన వాళ్ళిచ్చిన, ఏ రోజు నొప్పి పదికి ఎంతో అంకె వేయాల్సిన పుస్తకం ఒళ్ళో తెరిచింది, రోజూ ఇంట్లో నింపాల్సినదాన్ని అందరూ ఇక్కడే, పిలుపు వచ్చేలోగా, హోంవర్కు కాపీ కొట్టినట్టు గబగబా నింపేస్తారు, తనొక్కతే ఇన్ని నెలలూ ఏ రోజుది ఆ రోజు రాసింది, ఈ నెల మాత్రం కావాలనే ఖాళీగా ఉంచింది, ఎందుకంటే ఈ పరిశోధన నడిపేది ఆయనే, ఆ పెద్ద డాక్టరే, ఒంటిని కాయాల్సిన బలగమే కీళ్ళ మీద తిరగబడే జబ్బు తనకుందని ఇంకా ఎవరికీ తెలియని రోజుల్లో, వేళ్ళు వాచి జడ వేసుకోలేక ఏడుస్తూ వచ్చిన తనని ఎగాదిగా చూసి, తనతో కాదు, అమ్మతో, ఏం లేదమ్మా, బడి ఎగ్గొట్టడానికి వేషాలు, రెండు తగిలించండి అన్నవాడు, అమ్మ తగిలించింది, ఆ వాచిన చేతుల మీదే, తర్వాత అమ్మ ఎంత ఏడ్చినా ఆ దెబ్బ మాత్రం ఆయనదే.

ఇప్పుడు అదే నోటితో బంగారు తల్లీ అంటాడు, ఎందుకనడూ, ఈ వయసు పిల్లలు పన్నెండు మందే దొరికారు, ఒక్కరి అంకెలు తల్లకిందులైనా మందు గట్టెక్కదని నర్సక్క ఎవరితోనో అంటుంటే చెవిన పడింది, ఆ మాటని నెలంతా చాక్లెట్‌లా బుగ్గన పెట్టుకుని చప్పరించింది, బడిలో హాజరు పిలిస్తే పలకడానికే గొంతు పెగలని తను, నోరు తెరవకుండా, ఒక్క పెన్నుతో ఆయన్ని కూలదోయగలదు, ఒకటో తేదీ తొమ్మిది, రెండో తేదీ ఎనిమిది, మూడో తేదీ మళ్ళీ తొమ్మిది, ఆయన మొహం మాడిపోవాలి, పదకొండో గడి దగ్గర పెన్ను ఆగింది, నొప్పి పుట్టి కాదు, పుట్టనందుకు, నిరుడైతే మూడు ముక్కలకే పెన్ను జారిపోయేది, పిడికిలి బిగించి చూసింది, బిగుసుకుంది, మళ్ళీ చూసింది, ఛీ, ఆయన మందే పని చేయాలా.

ఏంటి, నువ్వూ కాపీ బ్యాచ్‌లో చేరిపోయావా, అంటూ నర్సక్క అటుగా పోతూ ఆగింది, ఆ చివరి గడి కూడా నింపు తల్లీ, ఎవ్వరూ నింపరు, దాన్ని మేం ముట్టుకోకూడదు, పరిశోధనని తనిఖీ చేసే బయటి డాక్టర్లు చదువుతారు, ఆమె తలూపింది, ఇతర విషయాలు, నాలుగు గీతల జాగా, అందులో ఆయన ఆ రోజన్న మాట, తేదీతో సహా, పొల్లుపోకుండా, దెబ్బలతో సహా రాస్తే ఆయన్ని నిలదీసేవాళ్ళు ఉంటారు, కానీ చదివేవాళ్ళు ముందు పైనున్న తొమ్మిదులు చూస్తారు, పిడికిలి బిగించమంటారు, బిగుసుకుంటుంది, డాక్టరు గారు సరిగ్గానే చెప్పారు, ఇది వేషాల పిల్లే అంటారు, సంచిలోంచి సొంత డైరీ తీసింది, నెలంతా రెండు, ఒకటి, రెండు, ఉన్నదున్నట్టు, అబద్ధాలు ఒక్కోదాన్నీ గీతతో కొట్టేసి, ఇక్కడి నియమం ప్రకారం పక్కన సంతకం పెట్టి, పళ్ళు నూరుతూ అసలు అంకెలు దించుతూ పోయింది, మందుకి మంచి పేరొస్తే రానీ, పైనున్న ఆ అంకెలు నిజమైతేనే, కింద చివరి గడిలో తను రాయబోయే ఆయన మాటని నమ్ముతారు.