నడిసముద్రం నీళ్ళు

"తలకి నూనె పెట్టక ఇది మూడో శుక్రవారం. నా కొడుకు బతికే ఉండాడు గదమ్మా!" అంది మా అత్త పిల్లమ్మ.

నేను రోట్లో పిండి తీస్తూనే ఉన్నాను. మాటకు మాట అంటే కె.ఆర్.పురంలో ఆఫీసుకెళ్ళే ఏడున్నర బస్సు తప్పిపోతుంది. మా ఆయన అశ్వత్థప్ప పేపర్లోంచి తలెత్తకుండానే, "అమ్మ చెప్పినట్ల వింటే ఏం పోయింది నీకు?" అన్నాడు. అత్త తెచ్చిన నూనెగిన్నె పక్కకు జరిపి, పొడిజుట్టు ముడేసి, దాని మీద గుడ్డ బిగించి కట్టుకున్నాను.

అది 1964వ సంవత్సరం. అరేబియా సముద్రంలో, ఒడ్డుకు నాలుగు వందల మైళ్ళ అవతల పైనీళ్ళు ముంచి, ఓడవాళ్ళు మా లేబరేటరీకి సీసాల్లో పంపేవాళ్ళు. నేను సముద్రం ఎప్పుడూ చూడలేదు. ఆ నీళ్ళలో నూనెను లాగేసే ఈథర్ పోసి కుదిపి, తేలిన ఈథర్‌ని గిన్నెలోకి తీసి ఆరబెడితే, నీళ్ళలో నూనె ఉంటే అడుగున మిగులుతుంది. ఏమీ మిగలదనే అందరి నమ్మకం. నా గిన్నెల్లో గోధుమరంగు జిడ్డు మిగిలింది, కిరసనాయిలు వాసనతో. ఓడలు వదిలే నూనె అంత దూరం పాకిందని చెప్పాను. మా ఆఫీసరు జయరామప్ప నవ్వాడు.

"నడిసముద్రంలో నూనె యాడిదమ్మా వెంకటలక్ష్మీ? నీ జడలోది పడుంటాది. ఆడోళ్ళకి ఈ పని వద్దని నేను అప్పుడే చెప్తి."

జడలోది! కొబ్బరినూనె కిరసనాయిలు వాసన వేస్తుందా అని అడగలేకపోయాను. ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి సీకాయతో తల రుద్దుకున్నాను. ఆనాటి నుంచి ఇంట్లో నూనె పెట్టలేదని తిట్లు, ఆఫీసులో పెట్టానని తిట్లు. నా తల మీద అధికారం లేనిది నా ఒక్కదానికే. మూడు వారాలు డిస్టిల్డ్ వాటర్‌ని కూడా అదే చేత్తో, అవే గిన్నెల్లో పరీక్షించాను. నా జడలోదే అయితే దాంట్లోనూ మిగలాలి; ఏమీ మిగల్లేదు. సముద్రపు నీళ్ళలో జిడ్డు అలాగే ఉంది.

ఆ శుక్రవారం ఈ ఫలితాలన్నీ ముందు పెడితే జయరామప్ప చూడనైనా చూడలేదు.

"సాయంత్రానికి రిపోర్టు పంపల్ల. సున్నా రాసి సంతకం పెట్టు. లేదంటే రేపట్నుంచి సీసాలు కడుక్కో."

కాగితం అడుగున నా పేరు టైపు చేసి ఉంది. రాసిస్తే, ఆ సముద్రం శుభ్రంగా ఉందని నేనే సాక్ష్యం చెప్పినట్టు. ఇంట్లో ఎన్నింటికి నోరు మూసుకున్నానో గుర్తొచ్చి భయం కన్నా సిగ్గు ఎక్కువైంది. ఓడ నుంచి వచ్చినవాటిలో మిగిలిన ఒక్క సీసా తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాను.

"దీన్ని ఇంకా ఎవురూ తెరవలేదు సార్. మీకు బట్టతలే గదా, మీ చేత్తోనే తెరిచి పరీక్షించండి. సున్నా వస్తే మీరే సంతకం పెట్టండి. నేను పెట్టను."