ఊయలెడు బాకీ

ఊయల ఉత్తగా తిరిగిస్తే దేవుడికి కోపం వస్తుందా? రాజ్యలక్ష్మిని ఏళ్ల తరబడి వదలని సందేహం ఇది.

తన కొడుకు బారసాలకు ఎదురింటి బుజ్జమ్మ దగ్గర టేకు ఊయల అడిగి తెచ్చుకుంది. తిరిగి పంపేటప్పుడు అందులో పండో ఫలమో పెట్టాలి. మామిడి కోతల హడావిడిలో ఉత్త ఊయలే వెళ్లిపోయింది. "నాకు ఊయలెడు బాకీ ఉన్నావే రాజ్యం" అని బుజ్జమ్మ వేళాకోళం ఆడేది. అయితే ఆవిడ కూతురు భవానికి పెళ్లయి ఎన్నాళ్లయినా పిల్లలు కలగకపోయేసరికి, ఆ వేళాకోళం రాజ్యలక్ష్మికి ముల్లులా గుచ్చుకునేది. రోజూ నరసింహస్వామి పటం ముందు నిలబడి అడిగేది.

ఇప్పుడు భవానికి ఆడపిల్ల పుట్టింది. ఎల్లుండే బారసాల. సాయంత్రానికల్లా అందరి ఫోన్లకూ పిలుపు వీడియో వెళ్లాలి.

"స్టూడియో సందీప్‌కి ఇస్తే గంటలో చేసేస్తాడు కదే" అంది బుజ్జమ్మ.

"లేదు పిన్నిగారూ, నేనే చేస్తాను. అందుకేగా ఆగిరిపల్లి వెళ్లి మరీ కంప్యూటర్‌లో బొమ్మలు కదిలించడం నేర్చుకున్నాను!"

స్వామికి దీపం పెట్టి కంప్యూటర్ ముందు కూర్చుంది. బుజ్జమ్మ పక్కన చేరింది. టైమ్‌లైన్ మీద మొదటి కీఫ్రేమ్‌లో, అంటే కదలిక మొదలయ్యేచోట, ఊయల ఎడమన, రెండో కీఫ్రేమ్‌లో కుడిన పెట్టి మోషన్ ట్వీన్ ఇచ్చింది. మధ్య కదలికంతా కంప్యూటరే నింపేసింది. కానీ ఊయల ఊగలేదు. కొక్కేలతో సహా అటూ ఇటూ జారింది.

"ఇదేంటే, మామిడికాయల ఆటోలా పోతోంది!"

రాజ్యలక్ష్మి అంతా చెరిపేసింది. బొమ్మ ఏ బిందువు చుట్టూ తిరగాలో అది ఊయల నడుమ ఉండిపోయింది. దాన్ని పైకి, దూలం దగ్గరికి జరిపి, ఊయలని అటొకసారి ఇటొకసారి వంచి పెట్టింది. ఈసారి ఊగింది గానీ చివర్లలో ఠక్కున తగిలినట్టు వెనక్కి తిరుగుతోంది. మళ్లీ చెరిపింది. కాఫీ చల్లారిపోయింది. చివర్లలో వేగం తగ్గించి మళ్లీ నడిపింది. ఊయల మెల్లగా ఆగి, మెల్లగా వెనక్కి వచ్చింది.

"ఆపు, ఆపవే! ఖాళీ ఊయల ఊపుతావేంటి? పిల్లకి కడుపునొప్పి వస్తుంది!"

"బొమ్మే కదా పిన్నిగారూ?"

"బొమ్మైతే మాత్రం? ఊగుతోందిగా!"

"పోనీ పాప ఫోటో ఇవ్వండి, అందులో పడుకోబెడతాను."

"బారసాల కాకుండా ఫోటోనా? దిష్టి తగలదూ!"

ఊయల ఖాళీగా ఉండకూడదు, పాపా ఉండకూడదు. రాజ్యలక్ష్మి ఓ చిన్న రసం మామిడిపండు బొమ్మ గీసి, ఊయలలో పెట్టి నడిపింది. పండు హాయిగా ఊగింది.

బుజ్జమ్మ నోరంతా తెరిచి నవ్వింది. "బాగుందే! పంపించెయ్."

వీడియో వెళ్లిపోయింది. రాజ్యలక్ష్మి లేచి, గడ్డిలో మాగుతున్న రసాలు బుట్టకెత్తుకుని ఎదురింటికి నడిచింది. తుడిచి పెట్టిన టేకు ఊయల దూలానికి వేలాడుతోంది. పళ్లు ఒక్కొక్కటే అందులో పేర్చింది.

"ఇప్పుడా ఇవ్వడం!" అంది వెనకే వచ్చిన బుజ్జమ్మ. కళ్లు మాత్రం కొంగుతో ఒత్తుకుంది.

"దేవుడికి కోపం వచ్చే ఉంటుందంటారా పిన్నిగారూ, ఇన్నాళ్లూ?"

"ఆయనకి వేరే పనే లేదనుకున్నావా? ఊపు."

రాజ్యలక్ష్మి ఊయల అంచు పట్టి వదిలింది. బరువుగా వెళ్లి, చివర కాస్త ఆగి, మెల్లగా వెనక్కి వచ్చింది.