పట్టీ మోగిందా?

పొద్దున ఆరు దాటేసరికే దేవదానం మూడు పట్టీల తుప్పు గీకి పక్కన పెట్టాడు. నాలుగోదాన్ని మోకాళ్ల మధ్య బిగించి ఇనుప బ్రష్షుతో రుద్దుతున్నాడు. ములుగు రోడ్డు మీద రేకుల షెడ్డు, ముందు కొలిమి, దాగలి, వెనక పాత కమాన్ పట్టీల గుట్ట. బండి బరువంతా మోసే ఆ ఉక్కు పట్టీలను విప్పి, కుంగినవాటికి మళ్లీ వంపు తెచ్చి, పగిలినవాటిని మార్చి బిగించడమే ఇరవై తొమ్మిదేళ్లుగా అతని పని. మనిషి పొట్టి. కుడి భుజం ఎడమదానికన్నా లావు. ముంజేతుల మీద వెంట్రుకలు ఎప్పుడో కాలిపోయి మళ్లీ మొలవలేదు.

కొత్త సెట్టు కొనే స్తోమత టాక్సీ నడుపుకునేవాళ్లకు ఎక్కడిది? అందుకే అందరూ దేవదానం దగ్గరికి వచ్చేవారు. పట్టీల మధ్య గ్రీజు పూసేవాడు, అరిగిన బుష్షుల చోట లారీ టైరు రబ్బరు కోసి వేసేవాడు, పనికిరాని పట్టీ తీసేసి గుట్టలోంచి మంచిది ఏరి పెట్టేవాడు. అంతే, మలుపు మలుపుకీ ఒరిగిపోయే బండి బుద్ధిగా నడిచేది. ఏరడానికి అతని దగ్గర మిషనేమీ లేదు. పట్టీని తీగకు వేలాడదీసి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టడమే. ఖంగుమని సాగితే మంచిది. ధబ్బుమని ఆగితే కంటికి ఆనని చీలిక లోపల ఉన్నట్టు.

రెండేళ్లుగా అతని చెవులు పోతూ వచ్చాయి. మనుషుల మాటలు పెదవులు చూసి పట్టుకునేవాడు. చర్చిలో పాట మొదలైతే పక్కవాళ్ల నోళ్లు చూసి తనూ నోరు కదిపేవాడు. సుత్తి దెబ్బ మాత్రం చేతికి అదురుగా తెలిసేదే తప్ప వినబడేది కాదు. ఎవరికీ చెప్పలేదు. చెవిటి మేస్త్రీ దగ్గరికి ఎవడొస్తాడు? తను ఎరిగిన బండ్ల నుంచి తీసిన పట్టీలే వేస్తూ ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాడు.

నిన్న అవి అయిపోయాయి.

గోపాల్ అంబాసిడర్ తెచ్చాడు. "మలుపు తిప్పితే పడవ లెక్క ఊగుతాంది మామా, నువ్వే జర చూడాలె" అన్నాడు. అన్నిటికన్నా పైనుండే పెద్ద పట్టీ కుంగిపోయింది. చక్రాలను నిలిపే పట్టీ అది. నడుమ విరిగితే బండి ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. దేవదానం గుట్టలోంచి వంపు చెడని పట్టీ ఒకటి తీసి వేలాడదీసి కొట్టాడు. అదే సమయానికి రోడ్డు మీద బొగ్గు లారీ హోరుమంటూ పోయింది. అది పోయాక గోపాల్ అడిగాడు, "మోగిందా మామా?"

"మోగింది" అన్నాడు దేవదానం.

ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో తలచుకుంటూ ఇప్పుడు తుప్పు పోయిన చోటే మళ్లీ మళ్లీ రుద్దుతున్నాడు. కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్ద రాసినా చీలిక ఉంటే బయటపడేది. అలా చేస్తే, ఎందుకు మామా, మోగలేదా అని గోపాల్ అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడ్డాడు వెధవ. తనను తాను అలాగే తిట్టుకున్నాడు.

ఏడున్నరకు గోపాల్ తెల్ల కారు షెడ్డు ముందు ఆగింది. వెనక సీట్లో భార్య శకుంతల, ఆమె ఒళ్లో నాలుగేళ్ల రాజేశ్వరి. అత్తగారి ఊరు ములుగు పోయి సాయంత్రానికి వస్తారట.

"ఏం జేసినవ్ మామా! నిన్న హన్మకొండ దాంక పోయిన, ఒక్క ఇంచు ఊగలే. నీ చెయ్యి పడ్డదంటె ఇగ ఫికర్ లేదు."

దేవదానం కిటికీ అంచు పట్టుకున్నాడు. "గోపాలూ..."

"ఏంది మామా?"

పిల్ల అతని కాలిన ముంజేతిని వింతగా చూస్తోంది. చెప్పేయాలి. నోరు తెరిచాడు. "మెల్లగ పో" అన్నాడు.

"నువ్వు చేసినంక మెల్లగెందుకు మామా?" నవ్వుతూ గోపాల్ గేరు వేశాడు.

ఆ తర్వాత పని సాగలేదు. కొలిమిలో పట్టీ పెట్టి మరిచిపోతే అంచు కరిగి ఊడింది. ములుగు దారిలో అడవి మలుపులన్నీ అతనికి తెలుసు. ఒక్కొక్కటే తలచుకుంటూ, కారు ఇప్పుడు ఇక్కడ ఉంటుంది, ఇప్పుడు అక్కడ ఉంటుంది అనుకుంటూ కూర్చున్నాడు. మట్టెవాడలోని ఇంటి నుంచి భార్య సారమ్మ అన్నం తెచ్చేసరికి ఆమె ముఖం చూసి ఆగలేకపోయాడు.

"నాకు ఇనబడ్తలేదే."

"నాకెరుకే. రెండేండ్ల సంది నేను ఊరికే ఒర్లుతాన్ననుకున్నవా?" అంటూ ఆమె గిన్నె మూత తీసింది.

గోపాల్ పట్టీ సంగతి చెప్పాడు. సారమ్మ చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది.

"పొద్దుగాల్ల చెప్పకపోతివా?"

"చెప్తె పని పోతది గదనే."

"పోతె పోనియ్. బండిల పిల్లున్నది గదయ్యా!"

అన్నం ముట్టలేదు. మధ్యాహ్నమంతా రోడ్డు అంచున నిలబడ్డాడు. సారమ్మ కూడా ఇంటికి పోకుండా షెడ్డులోనే కూర్చుంది. పొద్దు వాలే వేళ ఆ తెల్ల కారు కనబడగానే రోడ్డు మధ్యకు పోయి రెండు చేతులూ చాపాడు. బ్రేకు వేసి గోపాల్ తల బయటపెట్టాడు.

"పానం మీదికి తెచ్చుకుంటవా ఏంది మామా!"

"బండి లోపల పెట్టు. పట్టీ ఇప్పాలె."

"ఇప్పుడా? పిల్ల నిద్రవోయింది."

"ఇప్పుడే."

శకుంతల పిల్లను భుజాన వేసుకుని రిక్షా ఎక్కి ఇంటికి పోయింది. గోపాల్ ఏమీ అర్థం కాకుండానే జాకీ ఎత్తాడు. పట్టీ విప్పి తీగకు వేలాడదీశాక దేవదానం సుత్తి అతని చేతికిచ్చాడు.

"నువ్వే కొట్టు కొడుకా. నాకు చెవులు లేవు. నిన్న మోగిందో లేదో నాకు తెల్వది."

గోపాల్ కొట్టాడు. దేవదానం అతని ముఖమే చూస్తున్నాడు. మరోచోట కొట్టాడు. సారమ్మ తల దించుకుంది. దేవదానం తానే కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్ద రాశాడు. కాసేపటికి పట్టీ నడుమ వెంట్రుకంత నల్లగీత పైకి తేలింది.

గోపాల్ దాన్ని వేలితో తడిమాడు. "నా బిడ్డ కూసున్నది మామా దీని మీద" అన్నాడు. ఆ పెదవులు స్పష్టంగా కనబడ్డాయి.

"తప్పయింది. తిట్టు, కొట్టు, నీ ఇష్టం."

గోపాల్ పోయి, నిన్న విప్పి గుట్ట పక్కన పడేసిన పట్టీని ఈడ్చుకొచ్చాడు. కుంగినదైనా పగలని తన పాత పట్టీని ఇద్దరూ కలిసి మళ్లీ బిగించారు. కారెక్కాక గోపాల్ ముఖం అటు తిప్పుకుని ఏదో అన్నాడు. కొంచెం పొడుగైన మాటే. దవడ కదలడం మాత్రమే దేవదానానికి కనబడింది. కారు వెళ్లిపోయింది.

"ఏమన్నడే?"

"ఏమన్లే. పోతాన్న అన్నడు" అంది సారమ్మ, గిన్నె సర్దుకుంటూ.

అతను మళ్లీ అడగలేదు. అడిగితే ఆమె చెప్పేస్తుందేమోనని భయం.

మర్నాటి నుంచి కొలిమి వెలిగించలేదు. షెడ్డు మాత్రం రోజూ తెరిచి, వచ్చినవాళ్లకల్లా "నాకు ఇనబడదు, ఇంకోకాడికి పోండ్రి" అని చెప్పి పంపేవాడు. తెల్ల కారు ఏది వచ్చినా లేచి నిలబడేవాడు. గోపాల్ ఆ దారిన పోతూనే ఉండేవాడు, ఆగలేదు. క్రిస్మస్ ఇంకా పది రోజులుందనగా ఒక మధ్యాహ్నం పడుకున్న దేవదానం లేవలేదు.

సామాను అమ్మేద్దామని సారమ్మ షెడ్డుకు వచ్చింది. రేకుల కింద, అతను కూర్చునే చోటికి చేయి చాపితే అందే దూలం మీద, కాగితంలో చుట్టిన పొట్లం ఒకటి కనబడితే విప్పింది. ఆ సాయంత్రం నిద్రపోతున్న గోపాల్ బిడ్డను రిక్షా ఎక్కించినప్పుడు జారిపడినదై ఉంటుంది: ఎర్ర రబ్బరు చెప్పు, ఎడమ కాలిది, జానెడు పొడవు కూడా లేదు.