తోక లేదన్నమాట

లిఫ్టులు బాగుచేసే పెద్దకొడుకు సాయంత్రం పని నుంచి వచ్చేసరికి అతని పెళ్లాం ఆస్పత్రికి బట్టలు సర్దుకుంటోంది. పక్కన నిలబడి అతని తల్లి తువ్వాళ్లు మడతపెట్టి అందిస్తోంది. తెల్లారితే ఆపరేషన్. గర్భం రాకుండా లోపల ఏం అడ్డుపడిందో కోతపెట్టి చూస్తారట. అడ్డు అక్కడ లేదని అతనికి తెలుసు. తెలిసి చాలా రోజులైంది. బెల్లం కొట్టిన రాయిలా ఊరుకున్నాడు.

పెళ్లాం మాటమాటకీ కన్నీళ్లు పెట్టుకోవడం చూడలేక, ఎవరికీ చెప్పకుండా వేరే ఆస్పత్రికి పోయి తన పరీక్ష తను చేయించుకున్నాడు. అక్కడి డాక్టరమ్మ మొహమాటం లేని మనిషి. వీర్యకణాల ఫొటోలు చూపించి, తలలున్నాయి, తోకల్లేవు అంది. ఉన్నవి మొండివి, కాదంటే చుట్టచుట్టుకుపోయినవి. ఈదలేవు. మామూలు తోకని అడ్డంగా కోసి చూస్తే చుట్టూ తొమ్మిది జతల పోగులు, నడిమిన ఒక జత. ఇతనికి ఆ నడిమి జత లేదు. లిఫ్టు తాళ్లతో బతికేవాడికి ఇంకెవరూ విడమరచి చెప్పక్కర్లేకపోయింది. నడుమ బోలైన తాడు బరువు లాగదు.

తప్పు ఒక జీన్‌లో ఉందట. అమ్మ నుంచి ఒక చెడ్డ ప్రతి, నాన్న నుంచి ఒక చెడ్డ ప్రతి వచ్చాయి. ఒక్కటే ఉన్నవాడు హాయిగా పిల్లల్ని కంటాడు. రెండూ కూడితే ఇదీ సంగతి. మీ అమ్మానాన్నలు దగ్గరి చుట్టాలా అని అడిగింది. మేనత్త కొడుకునే చేసుకుంది మా అమ్మ అన్నాడు. అయితే మీ తమ్ముణ్ణీ ఒకసారి రమ్మనండి అంది. సూదితో కణాన్ని నేరుగా అండంలోకి పంపే దారి ఉంది, తోకతో పనిలేదు, ఆశ వదులుకోవద్దు అని కూడా అంది. ఆ ముక్క అతని చెవికెక్కలేదు.

చెబితే అమ్మ కుమిలిపోతుంది. చెబితే, మేనమామ కూతురితో కుదిరిన తమ్ముడి పెళ్లి చెడుతుంది. చెబితే మగాళ్లలో పరువు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అనుకున్నాడు. అబద్ధం. అమ్మా తమ్ముడూ సాకు మాత్రమే. అతని నోరు నొక్కింది ఆ మూడోదే. ఆడదాని కడుపు మీద నింద వెయ్యడానికి ఏ పరీక్షా అక్కర్లేదు, మగాడు నోరుమూసుకుంటే చాలు.

పెళ్లాం సంచీ జిప్పు లాగింది. ఆ చప్పుడుకి అతని నోరు తెరుచుకుంది.

"దానికేం లోపం లేదమ్మా. నాకే. నా వాటికి తోకల్లేవు."

కుర్చీలో ఉన్న తమ్ముడు పగలబడి నవ్వాడు. "తోకలేంటన్నయ్యా, కోతుల్ని కంటావా ఏంటి?"

తల్లి కూడా నవ్వింది. పెళ్లాన్ని వెనకేసుకు రావడానికి ఎంత కట్టుకథ అల్లావురా అంది. అతను ఎంత చెప్పినా, తోక అన్నప్పుడల్లా తమ్ముడు నవ్వుతూనే ఉన్నాడు. డాక్టరమ్మ నోట గడ్డిపోచంత తేలికైన మాట ఈ ఇంట్లో బూతైపోయింది. పెళ్లాం మాత్రం నవ్వలేదు. అతన్నే చూస్తోంది.

ఇక దాచి లాభం లేదనుకున్నాడు.

"చిన్నాన్నకి పిల్లల్లేరని పిన్నిని పుట్టింటికి తోలేశారు. నువ్వే దగ్గరుండి రెండో పెళ్లి చేశావు. ఆవిడకీ పుట్టలేదు. ఇద్దరూ గొడ్రాళ్లేనా అమ్మా?"

తల్లి చేతిలోని తువ్వాలు మంచం మీద పెట్టేసింది. మరిది కూడా తన మేనత్త కొడుకే, తన రక్తమేనని ఆమెకి ఒకరు చెప్పాలా. తమ్ముడి నవ్వు ఆగిపోయింది. నాకూ ఉంటుందా అని అడిగాడు. ఉండొచ్చు, లేకపోవచ్చు, పరీక్ష చేయించుకో అన్నాడు అన్న.

"సరే, కోత వద్దు," అంది తల్లి చివరికి. "ఎవరన్నా అడిగితే మటుకు కోడలిదే లోపమందాం. చిన్నాడి పెళ్లయ్యేదాకా. ఆ తర్వాత చూద్దాం."

"అంటే పిన్నికి చేసిందే," అన్నాడతను.

పెళ్లాం ఫోను తీసి ఆస్పత్రికి కలిపింది. రేపటి ఆపరేషన్ మాకొద్దండీ అంది. అవతల ఎందుకని అడిగినట్టున్నారు. ఫోను అతని చేతిలో పెట్టింది.

"నువ్వు చెప్పు. ఇన్నాళ్లూ నేను మోశాను."

"హలో... హలో," అంటోంది ఫోను.

తమ్ముడు లేచి వీధివైపు కిటికీలు మూశాడు. తలుపుకి గడియ పెట్టి దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. గదిలో గాలి ఆడటంలేదు. అన్న ఫోను చెవికి ఆనించుకుని, అవతలివాళ్లకి వినపడేంత గట్టిగా, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.