ఐదు పెట్టలకు ఒక పుంజు

వీధిలో అందరూ ఆమెను 'అమ్మో' అనేవాళ్లు. ఏ మాట చెప్పబోయినా ముందు గుండె మీద చెయ్యి వేసుకుని "అమ్మో!" అనందే ఆమెకు నోరు కదలదు. దాంతో పెట్టిన పేరు మూలకు పోయి, పిలిచిన పేరే నిలిచింది. కుట్టుపని చేసేది. ముందుగదిలో కిటికీ పక్కన మిషను, మెడలో టేపు, పెదాల మధ్య రెండు గుండుసూదులు. ఆ సూదులు ఏనాటికైనా మింగేస్తానని భయమే. అయినా అలవాటు మానలేదు.

పెరట్లో ఐదు పెట్టలు, ఒక పుంజు. పెట్టలు ఆమె పెంపకం. పుంజును తెచ్చింది భర్త. ఆయన బస్సుల షెడ్డులో వెల్డరు. మాట పొదుపు మనిషి. రెండేళ్ల కిందట పిల్లి వచ్చి ఒక పెట్టను ఎత్తుకుపోతే ఆమె మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. నాలుగో రోజు ఆయన సైకిలు వెనక గంప కట్టుకొచ్చి, "ఇది ఉంటే పిల్లి రాదులే" అని పుంజును పెరట్లో వదిలాడు. అప్పటినుంచి అది ఆయన పుంజని ఆమె లెక్క.

ఆ మాటకొస్తే పుంజు మంచిదే. గద్ద నీడ పడితే ముందుగా అరిచేది అదే. పురుగు దొరికితే తాను మింగకుండా పెట్టలను పిలిచి పెట్టేది. కానీ ఐదింటిలోనూ దాని కన్ను నల్లపెట్ట మీదే. రోజుకు పదిసార్లు తొక్కేది. నల్లపెట్ట వీపున ఈకలు ఊడిపోయి ఎర్రటి తోలు బయటపడింది. పుంజు కాలిముళ్లు గీరి పుండ్లయ్యాయి. ఆ ఎరుపు చూసి మిగతా పెట్టలు కూడా వచ్చి ఒక పోటు పొడిచి పోయేవి. లోకువైనదాన్ని పొడవడానికి అందరికీ తీరిక ఉంటుంది.

పక్కింటాయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి మానేసినవాడు. ఒకరోజు గోడ మీదుగా చూసి చెప్పాడు.

"చెల్లెమ్మా, ఒక పుంజుకు పది పెట్టలన్నా ఉండాలి. ఐదే ఉంటే అది దొరికినదాని ప్రాణం తీస్తుంది. దాన్ని ఎవరికన్నా ఇచ్చెయ్, లేదా విడిగా కట్టు."

"అమ్మో! మా ఆయన ఒప్పుకోరన్నయ్యా."

"అడిగావా?"

"అడగాలా ఏంటి? ఇన్నేళ్ల కాపురం, నాకు తెలీదూ?"

అడగలేదు. అడిగితే ఆయన కోప్పడతాడేమో. కోప్పడకుండా ఇచ్చేస్తే పిల్లి వస్తుందేమో. పిల్లి రాకపోతే ముంగిస వస్తుందేమో. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నుయ్యీ ఆమె తవ్వుకున్నదే, గొయ్యీ ఆమె తవ్వుకున్నదే. చివరికి తనకు చేతనైన పని చేసింది. పాత జీన్స్ ప్యాంటు కత్తిరించి, అరచెయ్యంత గుడ్డకు రెండు పక్కలా ఎలాస్టిక్ కుట్టి, నల్లపెట్ట రెక్కల కిందనుంచి తొడిగింది. పుండ్లు కనపడలేదు. పుంజు ఎక్కినా గోళ్లు గుడ్డ మీదే దిగేవి. తర్వాత పుంజు మిగతావాటి మీద పడితే వాటికీ కుట్టింది.

కాంపౌండరు నవ్వాడు. "కోడికి గజ్జెలు కడితే కుప్ప కుళ్లగించదా అని సామెత. నువ్వు ఏకంగా కోటు తొడిగావు. జేబు కూడా పెట్టాల్సింది."

"పోండన్నయ్యా, మీకన్నీ వేళాకోళాలే."

ఒక మంగళవారం మధ్యాహ్నం కూతురు వచ్చింది. ఆ పిల్లకు పెళ్లయి మూడేళ్లు. అత్తారిల్లు బస్సులో రెండు గంటల దూరం. వస్తున్నట్టు ఫోను లేదు. చేతిలో ఒక సంచీ.

"అమ్మో! ఏమైందే? అల్లుడికి బాగానే ఉందా? నీకేమన్నా జ్వరమా?"

"ఏం లేదమ్మా. రెండు జాకెట్లు కుట్టిపెట్టు. పొడుగు చేతులవి."

"ఈ ఎండల్లోనా?"

"ఎండల్లోనే."

ఆమె టేపు తీసింది. పెళ్లినాటి కొలతలు ఆమెకు నోటికి వచ్చు. నడుము రెండంగుళాలు తగ్గింది. ఛాతీ కొలుద్దామని చేతులెత్తమంటే పిల్ల కుడిచెయ్యి భుజం దాకా రాలేదు. టేపు మోచేతి పైకి చుట్టి లాగగానే "స్స్" అంది. ఆమె పిల్ల చెయ్యిని పక్కకు తిప్పి చూసింది. నాలుగు వేళ్ల అచ్చు, ఒకటి పాతది పసుపురంగులో, దాని మీద కొత్తది నీలంగా. ఆమె నోట్లో సూదులు ఉన్నాయి. వాటిని తియ్యలేదు. తీస్తే ఏదో ఒకటి మాట్లాడాలి.

భుజంనుంచి కొలిచి, అచ్చులు ఆగిన తొమ్మిదో అంగుళం దగ్గర గుర్తు పెట్టుకుంది. అచ్చులు దాటి ఇంకో నాలుగంగుళాలు కలిపింది.

సాయంత్రం కూతురు పెరట్లో కూర్చుంది. "వాటికి ఆ బట్టలేంటమ్మా?"

ఆమెకు ప్రాణం లేచొచ్చింది, మాట్లాడటానికి వేరే సంగతి దొరికినందుకు. పుంజు సంగతీ, తన తెలివీ చెప్పుకొచ్చింది. కూతురు నల్లపెట్టను పట్టి ఒడిలో పెట్టుకుని గుడ్డ ఎత్తింది. కంపు కొట్టింది. గాలి ఆడక పుండు చీము పట్టి, తోలు గుడ్డకు అంటుకుపోయింది.

"తొడిగినప్పటినుంచీ ఒక్కసారన్నా తీసి చూశావా?"

"పైకి బాగానే ఉందిగా అని..."

"పుంజును తీసెయ్యొచ్చుగా?"

"మీ నాన్న ఒప్పుకోరే."

కూతురు గోరువెచ్చని నీళ్లతో పుండు కడిగింది. నల్లపెట్టను విడిగా గంప కింద మూసింది. తలెత్తకుండానే అంది, "అమ్మా, నేనింక అక్కడికి వెళ్లను. ఇక్కడే ఉంటాను. నాకు మిషను పని వచ్చు, నీకు సాయం చేస్తాను. నాన్నను అడుగు."

అల్లుడు వచ్చి వీధిలో కేకలు వేస్తాడేమో. వీధివాళ్లు తలుపుల దగ్గర నిలబడతారేమో. కుట్టుబట్టలు ఇచ్చేవాళ్లు మానేస్తారేమో. ఆయన రాత్రి ఏమంటాడో! ఆయన నోట 'వద్దు' అన్న మాట పిల్ల విని తట్టుకోగలదా? అంతకంటే ఆ మాటేదో తానే మెత్తగా చెబితే నయం కదా!

"మీ నాన్న ఒప్పుకోరు తల్లీ. నాకు తెలుసు. ఎట్లాగో సర్దుకో. మగాళ్లకి కోపం వానలాంటిది, కురిసి పోతుంది."

"నువ్వు అడిగి చెప్పు."

"అడిగితే గొడవైపోతుందే! నా మాట విను."

కూతురు లేచి చేతులు కడుక్కుంది. ఆ తర్వాత మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు.

షెడ్డునుంచి వచ్చిన తండ్రి పనిముట్ల సంచీని గచ్చు మీద ధబ్బున పడేస్తే పిల్ల ఉలిక్కిపడి మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన అది చూశాడు. "ఎప్పుడొచ్చావమ్మా" అని మాత్రం అడిగి, సంచీని మళ్లీ ఎత్తి నెమ్మదిగా గోడవార పెట్టాడు. ఆయన మౌనం చూసి, తాను అనుకున్నదే నిజమని ఆమె రూఢి చేసుకుంది.

మర్నాడు మధ్యాహ్నానికి రెండు జాకెట్లూ అయిపోయాయి. కుట్టు ఎక్కడా వంకర పోలేదు. కూతురు ఒకటి తొడుక్కుని, ఒకటి సంచీలో పెట్టుకుని రెండు గంటల బస్సెక్కింది.

"చేరగానే ఫోన్ చెయ్యి. కిటికీ పక్కన కూర్చోకు, తల బయట పెట్టకు" అని బస్సు కదిలేదాకా చెబుతూనే ఉంది.

ఆయన ఆరోజు వేళకు ముందే, అయిదు కాకుండానే వచ్చాడు. సైకిలు మీద కాదు, ట్రాలీ ఆటోలో. ఆటోనుంచి మడతమంచం ఒకటి, కొత్త పరుపు ఒకటి దించాడు.

"అమ్మాయేది?"

"వెళ్లిపోయింది. రెండింటి బస్సుకి."

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటండీ? వాళ్లింటికి."

ఆయన మంచాన్ని గోడకు ఆనించబోయి ఆగాడు. "ఎవరు పొమ్మన్నారు?"

"మీరు ఒప్పుకోరు కదా అని..."

"నన్నెవరు అడిగారే?"

ఆమె మెడలో టేపు తీసి వేళ్లకు చుట్టుకుంది.

"నిన్న చూశాగా, అది మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం. ఇవాళ మేస్త్రీతో మాట్లాడొచ్చా. సీట్లు కుట్టే సెక్షన్‌లో పనిస్తానన్నాడు. చెబుదామనే ముందొచ్చా."

"నిన్ననే ఒక్క మాట అనొచ్చుగా!"

"అంటే రాత్రంతా నువ్వు బెంబేలెత్తిపోతావని." మంచం వదిలి పరుపు మీదే కూలబడ్డాడు. "నీతో చెప్పాలంటే ప్రతిదానికీ భయమే నాకు. ఆ పుంజుని కూడా ఎప్పుడో ఇచ్చేద్దామనుకున్నా. పిల్లి పిల్లి అని నువ్వు బిక్కచచ్చిపోతావని ఊరుకున్నా."

"అది మీ పుంజు కదా!"

"నాకెందుకే పుంజు?"

ఆయనకంటే ముందు ఆమే తేరుకుంది. కూతురికి ఫోను చేసింది. ఇప్పటికి బస్సు చేరి గంట కావస్తూ ఉంటుంది. మోగి మోగి ఆగిపోయే వేళకు ఎత్తారు.

"అమ్మలూ..."

"నేను అత్తయ్యా." అల్లుడి గొంతు. కోపం లేదు. ఎంత మర్యాదగా ఉందో! "తను పని మీద ఉంది. ఏంటి విశేషం?"

"ఏం లేదు బాబూ. క్షేమంగా చేరిందా అని..."

"చేరింది, చేరింది. నేనే అడిగా, అక్కడే ఉండకపోయావా అని. మామయ్య ఉండనివ్వరంటగా? పాపం, తనే చెప్పింది." చిన్నగా నవ్వాడు. "మంచిదయింది అత్తయ్యా. ఇంక అటు ఇటు చూడకుండా బుద్ధిగా ఉంటుంది. మీరేం భయపడకండి."

అతని వెనక ఏదో కిందపడిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

భర్త చెయ్యి చాపాడు, ఫోను ఇమ్మని. మామయ్య ఉండనిస్తారు, మామయ్య మంచం తెచ్చారు, మామయ్య ఇక్కడే ఉన్నారు. ఎన్ని మాటలున్నాయో చెప్పడానికి! కోపం వస్తే ఇప్పుడే, ఈ క్షణమే పిల్లను ఏం చేస్తాడో అన్న ఒక్క ఆలోచన వాటన్నిటినీ గొంతులోనే నొక్కేసింది.

"సరే బాబూ" అంది ఆమె. ఫోను పెట్టేసింది.

ఆయన చెప్పులు వేసుకుని వీధిలోకి పరుగెత్తాడు. ఆటోవాడు మలుపు దగ్గర టీ తాగి అప్పుడే బండి కదిలిస్తున్నాడు. కేకేసి ఆపి, ఎక్కాడు. రెండు గంటల దారి.