కింది అరలో కండక్టరమ్మ కవితలు

ఆ పుస్తకాల దుకాణంలో గుమ్మానికి ఎదురుగా పోటీ పరీక్షల గైడ్లు ఉండేవి. సొంత ఊరి కవుల పుస్తకాలు మాత్రం కింది అరలో, పాత క్యాలెండర్ల వెనక ఉండేవి. యజమాని చెడ్డవాడేమీ కాదు. వాటిని ఎవరూ కొనరని అతని గట్టి నమ్మకం, అంతే.

ఒక ఉదయం డ్యూటీకి వెళ్తూ బస్సు కండక్టరమ్మ లోపలికి వచ్చింది. ఏడాది కిందట తన కవితల పుస్తకం పది ప్రతులు అక్కడ అమ్మకానికి ఇచ్చింది.

"అన్నయ్యా, నా పుస్తకాలు తీసుకెళ్తాను. ఇక్కడుంటే చెదపురుగులు చదువుతాయి, ఇంట్లో ఉంటే కనీసం నేను చదువుకుంటాను" అని నవ్వింది. పుస్తకాల కోసం సంచి తెరిచి పట్టుకుంది. "ఇక రాయడం కూడా మానేస్తున్నా లెండి."

"ఏం చెయ్యనమ్మా, ఎవరూ అడగట్లేదు" అంటూ అతను వంగి ప్రతులు బయటికి తీశాడు. పదికి పదీ ఉన్నాయి.

భర్త పోయాక తమ్ముడికి సాయంగా దుకాణంలోనే కూర్చుంటున్న అక్క, దుమ్ము దులుపుదామని ఒకటి అందుకుంది. ఓ పేజీ తెరిచి పైకే చదివింది.

"ఆస్పత్రి స్టాపులో దిగేవాళ్ళకు
చిల్లర లెక్కపెట్టి ఇస్తాను.
ధైర్యం ఇద్దామంటే
నా సంచిలో ఆ అర లేదు."

ఆవిడ కళ్ళజోడు తీసేసింది.

"మీ బావని తీసుకుని ఆర్నెల్లు ఆ స్టాపులోనే దిగాన్రా. ఈ అమ్మాయే రోజూ మాకు ముందు సీటు ఇప్పించేది. ఇంతకీ, ఇది నువ్వు చదివావా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"చదవకుండానే ఎవరూ కొనరని ఎలా తేల్చేశావురా?"

అతనికి సిగ్గేసింది. "ఈ ఒక్క ఆదివారం దాకా ఆగు చెల్లెమ్మా" అని ప్రతులు తిరిగి తీసుకున్నాడు.

గైడ్లు పక్కకు జరిగాయి. గుమ్మం దగ్గర బల్ల వేసి, 'మన ఊరి కవులు' అని అక్క స్వయంగా అట్ట మీద రాసి పెట్టింది. ఆదివారం ఆ బల్ల పక్కనే కండక్టరమ్మ తడబడుతూనే నాలుగు కవితలు చదివింది. వేసిన కుర్చీలు పన్నెండు, వచ్చినవాళ్ళు అంతకు రెట్టింపు. ఆమె బస్సు డ్రైవరు వెనక వరసలో నిలబడి, "రోజూ నా మీద ఈలలేసే మనిషేనా ఈవిడ!" అని తెల్లబోయాడు. సాయంత్రానికి బల్ల మీద రెండే ప్రతులు మిగిలాయి.

మరుసటి వారం ఒక మెకానిక్కు, ఒక నర్సమ్మ మొహమాటపడుతూ తమ పుస్తకాలు పట్టుకొచ్చారు. యజమాని ఈసారి కుర్చీ వేసి కూర్చోబెట్టి, ముందు తానే చదవడం మొదలుపెట్టాడు.

"జనం అడగట్లేదని ఇన్నాళ్ళూ వాళ్ళనే అన్నానక్కా. కనబడకుండా దాచింది నేనే" అన్నాడు.

చదువరులారా, మన మధ్య తిరిగే కవి గొంతు మనకు చేరాలంటే, ఆ పుస్తకాన్ని దుకాణం మన కంటికి ఎదురుగా పెట్టాలి, మనం చేతిలోకి తీసుకోవాలి.