పెదవులు కదిపితే చాలు

ఇస్త్రీ రోలరు కిందనుంచి జారుతున్న దుప్పటి రెండు కొసల్నీ ఆమె అందుకుంది. మిగతా రెండు కొసలు ఎదురుగా నిలబడ్డ, పనిలో ఆమెకు జంట మనిషి పట్టుకుంది. ఒక్కసారి విదిలించి, మడత వేసి, పేర్చారు. వెంటనే ఇంకొకటి. రోగాలకు ఆదివారం సెలవు లేదు కాబట్టి ఆస్పత్రి లాండ్రీకీ లేదు.

ఇరవై ఆరేళ్ల పని. ఆవిరికి వేళ్ల చివర్లు నున్నగా అరిగిపోయాయి. యంత్రాల మోతకు చెవులు ఎప్పుడు పోయాయో ఆమెకే తెలియదు. పైవాళ్లకు తెలిస్తే పని పోతుందని జంట మనిషికి తప్ప ఎవరికీ చెప్పలేదు. పెదవులు చూసి మాట పట్టుకునేది. అందనప్పుడు నవ్వేసేది. అందుకే అందరికీ ఆమె నవ్వులక్క.

తొమ్మిదింటికి పని దిగి మోచేతులదాకా సబ్బు రాసి కడుక్కుంటుంటే జంట మనిషి అంది: "నా కోసం కూడా ఓ ప్రార్థన చెయ్యక్కా."

"వేరే చెయ్యాలా? నా పాట మీ ఇంటిదాకా వినిపిస్తుందన్నావుగా."

చర్చిలో ఆమె చోటు ముందు బల్ల చివర, హార్మోనియం పక్కన. ఎడమ అరచెయ్యి ఆ చెక్కకు ఆనించి, వణుకును బట్టి పాట ఎత్తుకునేది. భర్త చనిపోయిన వారం కూడా అక్కడే నిలబడి పాడింది. ఇంట్లో కంట తడి పెట్టని మనిషి ఏడవాల్సిందంతా ఆ పాటలోనే ఏడ్చింది.

పోయిన నెల హార్మోనియం తీసేసి కీబోర్డు పెట్టారు. ఇనుప కాళ్ల మీద ప్లాస్టిక్కు పలక. చెయ్యి ఆనిస్తే ఏమీ తెలియలేదు. అయినా పాడింది, ఎప్పటిలాగే గట్టిగా.

ఈ రోజు చర్చి గుమ్మంలోనే కొడుకు ఎదురొచ్చాడు. చర్చిలో పాటలు నడిపేది అతనే. నేల చూస్తూ ఏదో అన్నాడు. ఆమె నవ్వింది. అతను తలెత్తి మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

"ఇవాళ రికార్డు చేస్తున్నారమ్మా. నీ గొంతొక్కటే వేరేగా పోతోంది. నువ్వు పెదవులు కదిపితే చాలు."

"దేవుడికీ అది చాలంటావా?"

"దేవుడి సంగతి కాదమ్మా, మైకుల సంగతి."

"సరేలే నాన్నా. వెనక కూర్చుంటాను."

మొదటి పాటకు పాటల పుస్తకం తెరిచి పట్టుకుని అందరితోపాటు లేచింది. మైకు ముందునుంచి కొడుకు చూశాడు. తల్లి పెదవులు కదులుతున్నాయి, గొంతు లేదు. అతని మనసు కుదుటపడింది. రెండో పాటకు ఆమె లేవలేదు. ప్రసంగం వేళకు తల గోడకు వాలింది. తెల్లవారకముందే లేచిన మనిషి, కునుకు పట్టిందనుకున్నారు.

జనం వెళ్లాక అతను వైర్లు చుట్టి వచ్చి భుజం తట్టాడు. "పదమ్మా, పోదాం."

కదలకపోతే చెయ్యి పట్టుకున్నాడు. అప్పటికే చల్లబడింది.

కబురు తెలిసి జంట మనిషి చర్చికి పరుగున వచ్చింది. శవం పక్కన కూలబడి అడిగింది: "పాపం, ఏమీ వినబడకపోయినా ఎంత బాగా పాడేది. ఇవాళ పాడిందా బాబూ?"

అతను జంట మనిషి వైపు తిరిగాడు. "వినబడకపోవడమేమిటి?" అన్నాడు.

ఆమె చెప్పింది.

నలుగురూ తల్లిని బయటికి మోసుకెళ్తుంటే అతను చర్చి తాళం కోసం వెనక్కి వచ్చాడు. వెనక బల్లమీద ఆమె పాటల పుస్తకం తెరిచే ఉంది. అరచేతి చెమటకు ముడతపడిన ఆ పేజీలో, ఆ రోజు ఎవరూ పాడని పాట.